మేకుకు తగిలించిన బెల్టు

ఒక రబ్బరు బెల్టు ఎంత బరువుంటుంది? చేత్తో పట్టుకుంటే పావుకిలో కూడా తూగదు. అంగడివాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, తూకం గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ పావుకిలో సరుకును ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు. దొరకలేదనడమూ అబద్ధమే. దొరికిన ప్రతిసారీ, ముందు ఇంకాస్త మంచి చోటు ఉంటుందేమోనని దాటుకుంటూ పోయాను. బేరగాడి బుద్ధి అంతే. మొదటి అంగట్లో ఎప్పుడూ కొనడు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోతే వాళ్ళ ముఖం చూస్తూ మాట మార్చేస్తాను. ఎదుటివాడి కనుబొమ్మ కదిలితే ధర మార్చడం నాకు లాగూ వేసుకునే వయసులోనే అబ్బింది. మీ కనుబొమ్మలు నాకు కనపడవు. ఈసారికి ధర మారదు.

నా పేరు చెప్పను. ఇందులో వచ్చేవాళ్ళ పేర్లూ మార్చాను. ఊళ్ళను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

మా నాయనకు ఆళ్ళగడ్డలో చిల్లర అంగడి. చిన్నాయనకు బట్టల అంగడి. మేనమామకు బెల్లం మండీ. మా ఇంట్లో అన్నం ముందు కూడా బేరం జరిగేది. ఇంకో ముద్ద తింటే సాయంత్రం బొరుగులు ఉండవనేది మా అమ్మ. జీవితంలో నేను బేరమాడకుండా కొన్నవి రెండే, పోస్టు కార్డూ బస్సు టికెట్టూ. టికెట్టు దగ్గర కూడా ఒకసారి ప్రయత్నించాను. కండక్టరు పాణ్యం రాకముందే దించేశాడు.

అలాంటివాణ్ణి అంగడి తమ్ముడికి వదిలేసి, డెబ్బైల చివర్లో ఒక కారు కొన్నాను, బాడుగలకు తిప్పడానికి. బనగానపల్లెలో ఒక పెద్దింటి కొట్టంలో దుమ్ము పట్టి ఉన్న పాత విదేశీ కారు. మూడు పూటలు కూర్చుని వాళ్ళడిగిన దాంట్లో మూడో వంతుకు తెగ్గొట్టాను. గెలిచానని మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాను. అది పెట్రోలు తాగే తీరు చూశాక, వాళ్ళు నాకు ఎదురు దుడ్లిచ్చి పంపి ఉండాల్సిందని అర్థమైంది.

అప్పుడు నంద్యాలలో ఖాదర్ మేస్త్రీ ఉండేవాడు. పెట్రోలు ఇంజను పీకేసి, పాత వ్యాన్ల డీజిల్ ఇంజన్లు ఎక్కించడంలో చెయ్యి తిరిగినవాడు. నా కారుకూ అదే చేశాడు. బ్యాటరీకి కరెంటు ఎక్కించే మామూలు డైనమో ఆ ఇంజనుకు సరిపోదని మిలిటరీ వేలం సరుకులో దొరికిన ఆల్టర్నేటరు బిగించాడు. ఆ రోజుల్లో ఆల్టర్నేటరు అనే మాట నంద్యాలలో నలుగురికి తెలిసుంటే గొప్ప. అందరూ దాన్నీ డైనమో అనేవాళ్ళు. ఫ్యానూ నీళ్ళ పంపూ ఈ ఆల్టర్నేటరూ మూడూ ఒకే బెల్టు మీద తిరగాలి. ఖాదర్ ఏం చేశాడంటే, షెడ్డులో ఒక మూల ఏదో మిషనుకు చెందిన గట్టి బెల్టులు రెండు కనపడితే, వాటి పొడవుకు తగ్గట్టు ఆల్టర్నేటరు ఎక్కడుండాలో లెక్కేసి, అక్కడ బ్రాకెట్టు చేసి వెల్డింగు పెట్టేశాడు. లోకంలో ఎవరైనా బండికి తగ్గ బెల్టు వెతుకుతారు. ఈయన బెల్టుకు తగ్గట్టు బండి కట్టాడు. అది ఏ మిషను బెల్టో ఆయనకే గుర్తులేదు. ఆ తర్వాత హొస్పేటకు వెళ్ళిపోయాడు.

రెండో బెల్టు దేవదానం అన్న కారులోకి పోయింది.

దేవదానం అన్నది ఆళ్ళగడ్డలోనే చర్చి వీధి. నాకన్నా పదేళ్ళు పెద్ద. పదిహేనేళ్ళు బొంబాయి లైను మీద వేరేవాళ్ళ లారీలు తోలాడు. యజమానులు అనే మాటలు, జీతంలో వేసే కోతలు అన్నీ పడి, కూడబెట్టుకుని, నా కారులాంటి పాతదే ఒకటి కొని, ఖాదర్ చేత డీజిలు చేయించి, అలాంటి ఆల్టర్నేటరే పెట్టించుకున్నాడు. ఆ కారు దిగినప్పుడల్లా స్టీరింగును గుడ్డతో తుడిచేవాడు. "ఇంక చచ్చేదాకా ఇంకొకని స్టీరింగు పట్టనప్పా" అని నాతో ఎన్నిసార్లన్నాడో. మేమిద్దరం ఒకే చింతచెట్టు నీడన బండ్లు పెట్టుకునేవాళ్ళం. అహోబిలం యాత్రికులు, పెళ్ళి బాడుగలు, నంద్యాల ఆస్పత్రికి పోయేవాళ్ళు. బేరం నాకు తగిలితే నాకు, ఆయనకు తగిలితే ఆయనకు. నాకే ఎక్కువ తగిలేవి, నేను అరిచేవాణ్ణి కాబట్టి. ఆయన పిలిస్తే వచ్చేవాడు, అంతే.

నా బెల్టు సిరివెళ్ళ దాటాక తెగింది. తెగితే తెగింది, కిందపడి ఉంటే బాగుండేది. ఎటో ఎగిరిపోయింది. ఎండలో కందిచేను గట్ల వెంబడి గంటసేపు వెతికాను. బాడుగకు ఎక్కినవాళ్ళు కొంతసేపు వెతికి, తర్వాత నన్ను తిట్టి, బస్సెక్కి పోయారు. దొరకలేదు. ఆ దొరక్కపోవడమే ఈ కథంతా.

ఎందుకంటే మా దిక్కు స్పేర్ పార్టుల అంగళ్ళలో ఒక పద్ధతి. తెగినదో విరిగినదో పాత సామాను తెచ్చి బల్ల మీద పెడితేనే కొత్తది. బండి పేరు చెబితే చాలదు, ఎందుకంటే రోడ్ల మీద తిరిగే పాత బండ్లలో సగం ఏ పేరూ లేనివి. ఒకదాని గుండె, ఇంకొకదాని కాళ్ళు. నంద్యాలలో నేను ఎక్కని అంగడి లేదు. ప్రతి చోటా ఒకటే మాట. "పాతది తెచ్చినావా?" లేదంటే చెయ్యి ఊపేవాళ్ళు. పుల్లీల చుట్టూ పురికొస చుట్టి కొలత తీసుకుని పోయాను. ఒకాయన ఆ పురికొసను రెండు చేతులతో లాగి, "చూడప్పా, నీ కొలత సాగుతాండాది. రబ్బరు సాగదు" అని నా చేతిలో పెట్టాడు. కర్నూలు పోయాను. ప్రొద్దుటూరు పోయాను. బెల్టు ధర కన్నా బస్సు ఛార్జీలు ఎక్కువయ్యాయి. పొడవులో దగ్గరగా ఉన్నదాన్ని ఒకటి తెస్తే రెండు వేళ్ళు వదులైంది. ఇంకొకటి పుల్లీ మీదికే ఎక్కలేదు. బ్రాకెట్టు కోసి జరపమంటే ఏ మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఖాదర్ చెయ్యి పెట్టిన దాంట్లో నేను చెయ్యి పెట్టనప్పా. రేపు ఏమన్నా అయితే నా పేరు చెప్తావు."

నవారు మంచం పట్టె రెండు మడతలు వేసి కుట్టించాను. బత్తలూరు రాకముందే పీచుపీచు అయింది. సైకిల్ ట్యూబు చుట్టాను. అది కాలి, ఊరంతా వాసన. చివరకు పిండి మర పట్టా సన్నగా కోయించి, చెప్పులు కుట్టే ఆయనతో గట్టిగా కుట్టించాను. పట్టా చదునుగా ఉంటుంది, పుల్లీ గాడి లోతుగా ఉంటుంది, ఒకదానికొకటి పొసగవు. ఎనిమిది మైళ్ళు తిరిగింది. సరిగ్గా ఎనిమిది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను మరిచిపోయినట్టు నటించాను.

ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. నా కారు చింతచెట్టు కింద పిట్టల రెట్టలు పట్టుకుంటూ ఉంది. బాడుగలన్నీ దేవదానం అన్నకే పోతున్నాయి. ఆయన బెల్టు కూడా పగుళ్ళిచ్చి, ముక్కలు రాలుతూ, ఏదో లాక్కొస్తోంది. ఒకరోజు అదీ తెగింది. కానీ ఆయనది కిందనే పడింది. ఏరుకున్నాడు. ఎంత కోపమొచ్చిందో నాకు! ఆయన మీద కాదు. లేదు, నిజం రాయడానికి కూర్చున్నాను కదా: ఆయన మీదే.

నంద్యాలలో రంగయ్య శెట్టి అంగడి ఉండేది. ముసలాయన, చూపు తక్కువ, ఎవరినీ పనికి పెట్టుకోలేదు. గోడ పొడుగునా మేకులు. ఎవరికైనా దొరకని సామాను కావాలంటే, పాత ముక్కను తెచ్చి, తన పేరు తనే చీటీ మీద రాసి, దానికి గుచ్చి, మేకుకు తగిలించిపోవాలి. శెట్టి ఆ ముక్క కొలతను మద్రాసుకు రాసేవాడు. పార్సిలు వచ్చాక పాత ముక్కతో కొత్తది పోల్చి, చీటీ మీద ఎవరి పేరుంటే వాళ్ళకిచ్చేవాడు. అడ్వాన్సు లేదు, రసీదు లేదు. మేకుకు తగిలిస్తే మాటిచ్చినట్టే.

నేను నా పురికొస పట్టుకుని ఆ అంగడికి ఎన్నోసారో పోయిన రోజున, వరసలో మూడో మేకుకు ఒక తెగిన బెల్టు వేలాడుతోంది. చూడగానే గుర్తుపట్టాను. అంత లావు, అంత వెడల్పు ఇంకే బెల్టుకూ ఉండదు. చీటీ మీద పెన్సిలుతో, బడిపిల్లల అక్షరాల్లో: దేవదానం, ఆళ్ళగడ్డ, రెండు.

"ఇది వస్తాండాదా శెట్టీ?" అన్నాను.

"యాడిదో గాలి కొట్టే మిషను బెల్టంట. మద్రాసు ఆయప్ప కనుక్కున్న్యాడు. రెండే ఉండాయంట. బయలుదేరింది, ఎల్లుండి దిగుతాది."

"నాకూ ఇదే కావాల."

"నీది యాడుండాది, తగిలీ."

"నాది పోయింది కదా!"

"అట్లయితే నీది లేదు." ముసలాయన నవ్వాడు. "నా తలకాయలో నేనేం పెట్టుకోనప్పా. ఎవరొచ్చిరి, ఎవరు పోయిరి, ఎవరిది ముందు, నాకేం తెల్దు. మేకు ఏం చెప్తే అదే. నువ్వు కూడా అంగడోని కొడుకువే, నీకు చెప్పాల్నా?"

అని, "రెండు ముద్దలు తినొస్తా, కూచో" అని లోపలికి పోయాడు. అంగడి నాకు వదిలి. నేను అంగడివాడి కొడుకును కాబట్టి.

ఎంతసేపు పట్టిందని మీరడగవచ్చు. చెంబు నీళ్ళు తాగేంత సేపు. దేవదానం అన్న చీటీని లాగి, నమిలి, ఉమ్మేశాను. బీడీ కట్ట మీద కాగితం చించి నా పేరు రాసి గుచ్చాను. కింద రెండు అని రాశాను. ఒకటి అని రాయడానికి పెన్సిలు ఆగిందా? ఆగిందని చెప్పుకుంటే బాగుంటుంది. ఆగలేదు. రెండుకు ఆర్డరు పోయింది కాబట్టి రెండు అని ఉండాలి, లేకుంటే శెట్టికి అనుమానమొస్తుంది, అని ఆ క్షణంలో కూడా లెక్క తప్పలేదు నాకు. ఇప్పటికీ దాని గురించే ఆలోచిస్తాను. కోపంలో చేసినవాడికి అంత లెక్క ఎలా వస్తుంది?

పార్సిలు దిగిన రోజు శెట్టి చీటీని కంటికి ఆనించుకుని చదివి, పాతదీ కొత్తవి రెండూ పక్కపక్కన వేలాడదీసి, వేళ్ళతో తడిమి, మూడూ నా చేతిలో పెట్టాడు. పాతదాన్ని కాలువలో పారేశాను. ధరలో కొంత తగ్గించమని అడిగాను కూడా. తగ్గించాడు.

కొత్త బెల్టు వేస్తే నా కారు పెళ్ళికొడుకులా పరిగెత్తింది. రెండోదాన్ని వెనక సీటు కింద గోనెపట్టాలో చుట్టి పెట్టాను. బానెట్టు లాకు చెడిందని చెప్పి తాడుతో కట్టేశాను, ఎవరూ ఎత్తి చూడకుండా.

దేవదానం అన్న మరుసటి వారం నంద్యాల పోయాడు. మేకు ఖాళీగా ఉంది. తగిలించానని ఈయన, తగిలిస్తే ఏమైపోతుందని శెట్టి. అంగట్లో ఉన్న నలుగురూ నవ్వారట. "మేకు అబద్ధం చెప్పదు, నువ్వే చెప్తాండావు" అన్నాడట ముసలాయన. ఇది నాకు దేవదానం అన్నే చెప్పాడు, చింతచెట్టు కింద, తెల్లబోయిన ముఖంతో. తను నిజంగా తగిలించాడో లేదో తనకే అనుమానమొచ్చే స్థితికి వచ్చాడు. "తగిలిచ్చినట్టే గుర్తుండాదప్పా నాకు. చీటీ రాసినా కదా. రాసినానా?" నన్నే అడిగాడు.

తర్వాత నా బండి వైపు చూశాడు. "నీకు యాడ దొరికిందప్పా?"

వెనక సీటు కింద రెండోది ఉంది. తీసి ఇవ్వచ్చు. బళ్ళారిలో దొరికిందన్నా అని ఏదో ఒకటి చెప్పి ఇచ్చేసినా సరిపోయేది. ఎందుకివ్వలేదు? ఇస్తే పాత ముక్క లేకుండా ఎట్లా దొరికిందని అడుగుతాడేమో అని భయం. అది సగం. మిగతా సగం, పెళ్ళిళ్ళు ఇంకా నెల రోజులున్నాయి.

"మర పట్టా కోయించి కుట్టించుకున్నానన్నా" అన్నాను. "బాగా నడుస్తాండాది."

ఎనిమిది మైళ్ళు.

ఆయన నమ్మాడు. నమ్మకుండా ఎందుకుంటాడు? నా బండి కళ్ళ ముందు నడుస్తోంది. అదే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించుకుని, అహోబిలం బాడుగ ఒప్పుకున్నాడు. పట్టా దారిలో జారింది. ఆల్టర్నేటరు ఆగితే వెలిగే ఎర్రదీపం ఆ బండిలో ఎప్పుడో పోయింది కాబట్టి తెలియలేదు. నీళ్ళ పంపు ఆగి, ఇంజను కాగి, ఆవిరి లేచేసరికి దాని పైమూత, అదే హెడ్డు, పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఒక్కమాట ఎన్నేళ్ళు నన్ను కాపాడిందో! ఎవరికీ ఏమీ కాలేదు కదా, కారే కదా, ఇనుమే కదా. ఆయనకు ఆ ఇనుము ఏమిటో ఆళ్ళగడ్డలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేను.

కారు ఇంటి ముందు రెండు నెలలు నిలబడింది. ఈలోపు నా ఆల్టర్నేటరు కాలింది. మళ్ళీ అంగళ్ళు. మళ్ళీ నంద్యాల. కాలిన మోటార్లకు తీగ చుట్టే వైండింగు వాళ్ళు దాన్ని తిప్పి తిప్పి చూసి, "డైనమో అయితే చుట్టిస్తా. ఇది చుట్టే జాతి కాదు" అని తిరిగిచ్చారు. రోజూ పొద్దున బ్యాటరీ దించి ఛార్జింగుకు మోసుకుపోయి, సాయంత్రం మోసుకొచ్చి, పొద్దు గూకకముందే ఇల్లు చేరుకోవడం. నడుము పడిపోయింది. అలాంటి ఆల్టర్నేటరు ఆ చుట్టుపక్కల ఇంకొక్కటే ఉంది. ఎక్కడుందో మీకు తెలుసు.

ఆయన కారు అమ్ముతాడని తెలిసి పోయాను. ఇప్పుడు రాయబోయేదే అసలైనది. చీటీ మార్చడం కన్నా, అబద్ధం చెప్పడం కన్నా ఇదే నన్ను నిద్రలేపేది.

ఎండ బాగా ఉంది. ఆయన బానెట్టు ఎత్తి పట్టుకున్నాడు.

"చూసుకోప్పా. నీకు తెలియంది ఏముండాది దీంట్లో."

"తెలుసు కాబట్టే భయపడతాండానన్నా. హెడ్డు పగిలిండాది."

"అది అతికిచ్చుకోవచ్చు. హొస్పేటకు తీసుకపోతే ఖాదర్ చేసిస్తాడు."

"చేసిస్తాడు సరే. మల్లా నడిపేది ఎట్ల? బెల్టు యాడుండాది?"

ఆయన చూపు ఖాళీ పుల్లీల మీదికి పోయింది. నాకు పట్టు దొరికింది. నాకు పట్టు దొరికితే నోరు దానంతటదే నడుస్తుంది.

"నంద్యాలంతా తిరిగినావు. దొరికిందా? కర్నూలు తిరిగినావు. దొరికిందా? ఇంక దొరకదన్నా, ఆ బెల్టు చేసే కంపెనీ మూసేసింటారు. బెల్టు లేని ఇంజను ఇంట్లో పెట్టుకొని పూజ చేసుకునేదానికా?"

"మాకు పూజలు కూడా లేవు కదప్పా" అని నవ్వాడు దేవదానం అన్న.

నేనూ నవ్వాను.

"మరి నీది నడుస్తాండాది కదా, కుట్టిన పట్టాతోనే?"

"నా అదృష్టం బాగుండి నడుస్తాండాది. రేపు తెగితే నేను కూడా నీ పక్కన నిలబడేవాణ్ణే."

ఇది ఆయన కళ్ళలోకి చూస్తూనే అన్నాను. నా బండి వీధి మొదట్లో నిలబడి ఉంది, దాని వెనక సీటు కింద, గోనెపట్టాలో, ఆ కంపెనీ చేసిన కొత్త బెల్టు ఉంది. ఆయనకు అది ఇచ్చి, హొస్పేటకు పొమ్మంటే, ఆయన బండి లేచి నిలబడేది. కనీసం నోరు మూసుకుని ఆయన అడిగిన ధర ఇచ్చినా ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. నేను ఆ బెల్టు లేకపోవడాన్ని ఆయనకే చూపించి, ఆయన కారు ధర దించుతున్నాను. దొంగిలించిన సరుకును అమ్ముకునేవాళ్ళుంటారు. అది లేదని చెప్పి రెండోసారి సంపాదించినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

"నువ్వన్నది నిజమేలే" అన్నాడు చివరికి. "ఇనుము ధర కన్నా కొంచెం ఎక్కువెయ్యి. సీట్లు నేనే కుట్టిచ్చినా, వాటికన్నా ఏమన్నా ఇయ్యి."

సీట్లకు ఏమీ ఇవ్వలేదు. సీట్లతో నాకేం పని?

దుడ్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, చూడకుండానే. తర్వాత ఎడమ డోరు దగ్గరికి పిలిచాడు. "దీన్ని కొంచెం ఎత్తి మూయాల. ఊరికే మూస్తే పడదు." మూసి చూపించాడు. తెరిచి, మళ్ళీ నాతో మూయించాడు. అప్పుడడిగాడు. "నడిపిస్తావా, పీకేస్తావా?"

"నడిపిస్తానన్నా."

"ఇంకొకరైతే పాత ఇనుము కింద కాటాకేస్తారు. నువ్వు కాబట్టి ఇస్తాండా."

మర్నాడే ఆల్టర్నేటరు పీకాను. మిగిలినదాన్ని వారం తిరక్కముందే కాటాకేశాను. డోరు ఎత్తి మూయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ ఆల్టర్నేటరు నా బండిలో ఎనిమిది నెలలు కూడా నడవలేదు. రెండో బెల్టును అవసరమొచ్చి బయటికి తీస్తే, ఎండకు సీటు కిందనే ఎండి, వంచగానే విరిగింది. చాలాకాలం దీన్ని దేవుడు వేసిన శిక్ష అని చెప్పుకుని తృప్తి పడ్డాను. శిక్ష పడిపోయింది, పని అయిపోయింది, ఇంక ఎవరికీ ఏమీ బాకీ లేను. అదీ బేరమే. పాత సరుకు చెడిపోతే దాన్ని శిక్ష అంటారా? ఏ అంగడివాడైనా నవ్వుతాడు. నా కారునూ చివరకు ఇనుము కిందే ఇచ్చి, నేను తిరిగి అంగట్లో కూర్చున్నాను. నాకు తిరిగి కూర్చోవడానికి ఒక అంగడి ఉంది.

దేవదానం అన్న మళ్ళీ లారీ ఎక్కాడు. వేరేవాళ్ళ లారీ. మొదటి ట్రిప్పుకు పోయే రోజు మా అంగట్లోనే బీడీలు కొన్నాడు. చిన్నవాడైన ఓనరు రోడ్డు మీద నుంచే హారను కొట్టి పిలుస్తుంటే, "వస్తాండా సామీ" అని పరిగెత్తాడు. ఆ పరుగు చూసి నేను బల్ల మీద తూకంరాళ్ళు సర్దుకున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను. ఆయన ఇంకో పన్నెండేళ్ళు తోలాడు.

రంగయ్య శెట్టి పోయాడు. పోయేదాకా దేవదానం అన్నకు అరువు కాదు కదా, మేకు కూడా ఇవ్వలేదని విన్నాను. నోటి మాట మీద నడిచిన అంగట్లో, మాట తప్పినవాడని పేరు పడింది ఆయనకు. ఆ పేరు పెట్టింది శెట్టి అని లోకం అనుకుంటుంది.

ఈమధ్య దేవదానం అన్న పాణ్యంలో కూతురింట్లో ఉంటున్నాడని తెలిసి పోయాను. చెప్పేయాలనే పోయాను. ఒట్టు. బస్సులో మాటలన్నీ పేర్చుకున్నాను. కళ్ళు మసకేశాయి ఆయనకు, గొంతును బట్టి గుర్తుపట్టాడు. మనవళ్ళను పిలిచి, "నా కారు కొనుక్కున్న్యాడే, ఈయప్పే" అని చూపించాడు. వాళ్ళకు ఆ కారు సంగతి అంతా తెలుసు. రంగు తెలుసు, సీట్ల గుడ్డ తెలుసు. "ఎన్నేండ్లు తోలినావప్పా మన బండి?" అని అడిగాడు.

నాకేమన్నా సిగ్గుందా? "చానా ఏండ్లు తోలినానన్నా" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపాడు. వాళ్ళమ్మాయి కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

బస్సులో నాకు నేను చెప్పుకున్నాను: ముసలాయన సంతోషంగా ఉన్నాడు, చెడగొట్టడమెందుకు? ఎంత మంచి మనసు నాది! తిరుగుబస్సు నంద్యాల చేరేసరికి నాకే నవ్వొచ్చింది. ఆయన సంతోషాన్ని కాపాడుతున్నానట. ఆయన చేతిలోంచి స్టీరింగు లాక్కున్నవాణ్ణి నేనని ఆయన తెలుసుకునే హక్కును కూడా నేనే దగ్గర పెట్టుకున్నాను, బెల్టును సీటు కింద పెట్టుకున్నట్టు. రెండూ నాకే.

క్షమాపణ అడగడం లేదు. అడిగితే ఎంతకిస్తారో చూద్దామని మనసు లోపల ఒకడు ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. ఇది చదివి మీరు నన్ను తిడితే కొంత తీరుతుందనీ అనుకోను. తీరదు. పన్నెండేళ్ళ రోడ్డు తీరదు.

చెప్పాల్సింది మాత్రం చెబుతాను, మెలిక లేకుండా. దేవదానం అన్న ఆ రోజు బెల్టు తగిలించాడు. చీటీ తన చేత్తోనే రాశాడు. అంగట్లో నలుగురు నవ్వినప్పుడు ఆయన నిజమే చెప్పాడు. కారు ఆయన పొరపాటు వల్ల పోలేదు, నా వల్ల పోయింది. మొదటిసారిగా ఈ వాక్యాలను ఎవరి ముఖమూ చూడకుండా, ఏదీ తగ్గించకుండా రాశాను. మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి.